రన్‌వే పక్క బడి

పోయిన వారం మీరు నన్ను బడి మెట్ల మీద వదిలేసి మీ పనులు చూసుకున్నారు. నేను ఇంకా అక్కడే ఉన్నాను. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో రెండు కాగితాలు, రెండు మెట్ల కింద పెన్సిలు సారు, నా ఒంటినిండా కోపం.

ఈ వారమే మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. మా ఊరికీ సైనిక విమానాల స్థావరానికీ మధ్య అడ్డం ఒక్క ఇనుప కంచె. అటు రన్‌వే, ఇటు మా బడి. ఇలా స్థావరాల పక్కన బతికే ఊళ్ళకి రోడ్లూ, ఆసుపత్రులూ, బళ్ళూ బాగుచేసుకోవడానికి ప్రభుత్వం ఏటా ఒక నిధి నుంచి గ్రాంట్లు ఇస్తుంది. మా బడికి రెండు పొరల అద్దాల కిటికీలూ, చప్పుడు ఆపే పైకప్పూ కావాలని మా మునిసిపాలిటీ దరఖాస్తు పెట్టింది. ఆ దరఖాస్తు రాసిన గుమాస్తాను నేనే. బడిలో మూడో వంతు మంది జవాన్ల పిల్లలే కాబట్టి స్థావరం పెద్దాయన కూడా మద్దతు ఉత్తరం ఇచ్చాడు. ఆ ఒక్క సంతకం కోసం నేను కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగిన సంగతి నాలుగో భాగం నిండా ఉంది, మళ్ళీ చెప్పను.

గ్రాంటు ఈసారి రాకపోతే వచ్చే ఏడాది బడి మూసేస్తారు. విద్యాశాఖ వాళ్ళు కాగితం మీద రాసి మరీ చెప్పారు. నూట పన్నెండు మంది పిల్లలు పొద్దున్నే బస్సెక్కి పద్నాలుగు కిలోమీటర్ల అవతలి బడికి వెళ్ళాలి. నేను చదువుకున్నది ఈ బడిలోనే. దీన్ని మూస్తారంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఇక నా చేతిలోని కాగితాల సంగతి. మొదటిది నిధి కార్యాలయం నుంచి వచ్చింది. 'తరగతి గదిలో సగటు శబ్దం అరవై డెసిబెల్స్ దాటితేనే గ్రాంటు. మీరు పంపిన పది రోజుల కొలతల్లో సగటు నలభై ఒకటి. దరఖాస్తును తిరస్కరించాలని ప్రతిపాదిస్తున్నాం' అని అందులో ఉంది. రెండోది ఆఫీసు తపాలాలో నా బల్ల మీదికి వచ్చి పడిన నకలు. ఈ బడిలోని ఒక టీచరు తనను ఆ పద్నాలుగు కిలోమీటర్ల అవతలి బడికి బదిలీ చేయమని పెట్టుకున్న అర్జీ. కొలతలు తీసిన రోజుల్లోనే పెట్టుకుంది. ఆ కొలతలు తీసిందీ ఆ టీచరే. ఆవిడ మా వదిన.

మా అన్నయ్య భార్య. ఇరవై రెండేళ్ళుగా రెండో తరగతికి చెప్తోంది. నాకు జ్వరం వస్తే మా అమ్మకన్నా ముందు వచ్చేది ఆవిడే. అలాంటి మనిషి తన బదిలీ కోసం బడినే ముంచేస్తుందా అని మెట్ల మీద నిలబడి నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. కొలతల తేదీలూ అర్జీ తేదీ మాత్రం పక్కపక్కనే ఉన్నాయి.

"లోపలికి వెళ్దామా అమ్మా?" అన్నాడు పెన్సిలు సారు.

ఆయన నిధి వాళ్ళు పంపిన తనిఖీ అధికారి. తిరస్కరించే ముందు ఒకసారి కళ్ళతో చూడాలన్నది వాళ్ళ నియమమట. నిన్న మధ్యాహ్నం బస్సు దిగాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకుంటాడు, అన్నీ దానితోనే రాస్తాడు, ఒక్కటీ చెరపడు. మా ఆఫీసు వాళ్ళు సాయంత్రానికల్లా ఆయనకి ఆ పేరు ఖాయం చేసేశారు. ఎంత నెమ్మది మనిషంటే, ఆయన పక్కన నడుస్తుంటే నా కోపం నాకే సిగ్గనిపించింది.

"వెళ్దాం సార్. నేను మా వదినతో ఒక మాట మాట్లాడాలి. మీరేమీ అనుకోకండి."

"నేను కిటికీలు చూడ్డానికి వచ్చానమ్మా. కుటుంబ విషయాల్లో నా పెన్సిలు దూరదు."

రెండో తరగతి పిల్లలు ఆటల పీరియడుకి బయట ఉన్నారు. వదిన ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని నోటు పుస్తకాలు దిద్దుతోంది. గదిలో చిన్న బెంచీలు, గోడ మీద పిల్లలు రంగులేసిన చేపలు, కిటికీ అద్దాలకి అడ్డంగా అంటించిన టేపులు. విమానాలకి అద్దాలు అదిరి బీటలిస్తే కొత్తవి వేయించే స్తోమత మాకు లేదు, టేపుతో సరిపెడతాం. పెన్సిలు సారు ఆ టేపుల్ని ఒక్కొక్కటీ వేలితో తడిమి ఏదో రాసుకున్నాడు.

తర్వాత సంచిలోంచి చప్పుడు కొలిచే మీటరు తీసి బల్ల మీద పెట్టాడు. మాకు అప్పుడు పంపింది కూడా అలాంటిదే. అరచేతిలో పట్టేంత ఉంటుంది, పక్కన ఒకటే మీట. నొక్కితే కొలవడం మొదలవుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది.

"టీచర్ గారూ, అప్పుడు ఎలా కొలిచారో ఒక్కసారి చూపిస్తారా? ఎక్కడ పెట్టారు, ఎలా పట్టుకున్నారు, అంతే."

వదిన మీటరు చేతిలోకి తీసుకుని మీట నొక్కింది. "ఇలాగే సార్. పాఠం చెప్తూ చేతిలోనే పట్టుకుని తిరిగేదాన్ని. బల్ల మీద పెడితే పిల్లలు దాన్ని బతకనిస్తారా?"

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ అంత తేలిగ్గా మాట్లాడుతుంటే ఒళ్ళు మండింది. పరాయి మనిషి ముందు ఇంటి గొడవ వద్దని దారంతా అనుకుంటూ వచ్చినదాన్ని, గది మధ్యలో నిలబడి మొదలుపెట్టేశాను.

"వదినా, ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పు. నువ్వు బదిలీకి అర్జీ పెట్టావా?"

ఆవిడ మొహంలో రంగు మారింది. "నీకెవరు చెప్పారు?"

"మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాకి తెలియనిది ఏముంటుంది? పెట్టావా, లేదా?"

"పెట్టాను."

"మాకెవ్వరికీ చెప్పకుండా. అన్నయ్యకి కూడా చెప్పకుండా."

"చెప్దామనే అనుకున్నాను అమ్మాయ్..."

"ఎప్పుడు? బడికి తాళం పడ్డాకనా? నలభై ఒకటట వదినా! ఆసుపత్రి వార్డులో కూడా అంత ప్రశాంతంగా ఉండదు. ఈ బడి మూతపడితే అవతలి బడిలో పిల్లలు ఎక్కువవుతారు, టీచర్లు కావాలి, నీకు బదిలీ దొరుకుతుంది. అందుకని నువ్వే కావాలని ఆ కొలతలు తగ్గించి రాశావు కదూ?"

వదినకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏమైనా అంటుందేమోనని చూస్తున్నాను. కానీ మాట్లాడింది పెన్సిలు సారు.

"ఒక్క నిమిషం. ఇప్పుడు ఏం జరిగింది?"

"మీరు క్షమించాలి సార్, ఇది మా ఇంటి..."

"అది కాదమ్మా. మీరిద్దరూ మధ్యలో ఆగిపోయారు."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. మీరు 'అందుకని నువ్వే' అన్నారు. ఆగారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఊరికే నిలబడ్డారు. ఇరవై రెండు సెకన్లు, నేను గడియారం చూశాను. తర్వాత 'కావాలని' అంటూ ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెట్టారు."

నేను వదిన వైపు చూశాను. వదిన నా వైపు చూసింది. ఈయనకి ఎండ దెబ్బ తగిలిందేమోనని ఇద్దరికీ ఒకేసారి అనుమానం వచ్చింది.

"విమానం వెళ్ళింది కదా సార్," అన్నాను.

"అదే నేనూ అంటున్నాను. విమానం వెళ్ళింది. నా గుండెలు అదిరాయి, చెవులు మూసుకున్నాను. బయట ఆడుకునే పిల్లలు కూడా కేకలు ఆపేశారు. కాళ్ళు మాత్రం ఆపలేదు, బంతి వెనక పరిగెత్తుతూనే ఉన్నారు, నోళ్ళు మాత్రం మూసుకున్నారు. అది వెళ్ళగానే అందరూ ఒకేసారి అరుపులు మొదలుపెట్టారు. మీ ఊళ్ళో ఎప్పుడూ ఇంతేనా?"

ఎప్పుడూ ఇంతే. కానీ ఆ రోజు దాకా ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ గమనించలేదు. విమానం వస్తే మాట ఆపుతాం, పోతే అందుకుంటాం. కొట్లో బేరం ఆడుతున్నా అంతే, పెళ్ళిచూపుల్లో అయినా అంతే. మా అన్నయ్య మా వదినని పెళ్ళి చేసుకుంటావా అని అడిగినప్పుడు కూడా మధ్యలో రెండు విమానాలు వెళ్ళాయట. ఆ కథ ఇంట్లో వందసార్లు విన్నాం, ఒక్కసారి కూడా వింతగా అనిపించలేదు.

పెన్సిలు సారు మెల్లగా వదిన దగ్గరికి వెళ్ళాడు. "టీచర్ గారూ, మీ బొటనవేలు చూసుకోండి."

వదిన చూసుకుంది. వేలు మీట మీదే ఉంది.

"విమానం రాగానే నొక్కారు. వెళ్ళగానే మళ్ళీ నొక్కారు. నేను కళ్ళారా చూశాను."

"నేనా?"

"మీరే."

"అయ్యో, నేనెందుకు నొక్కుతాను సార్? నాకేమైనా పిచ్చా?"

"ఇంకో విమానం వచ్చేదాకా ఉందాం," అన్నాడాయన, పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుంటూ.

ఉన్నాం. వదిన మీటరుని పాముని పట్టుకున్నట్టు దూరంగా పట్టుకుంది. ఈసారి చచ్చినా నొక్కనని గట్టిగా చెప్పింది. ఏడు నిమిషాలకి అది వచ్చింది. కిటికీలు గలగలలాడాయి, బల్ల మీది సుద్దముక్క దొర్లి కింద పడింది. నేను ఆవిడ బొటనవేలినే చూస్తున్నాను. విమానం చప్పుడు ఊరి మీదికి వచ్చిందో లేదో, ఆ వేలు దానంతట అదే వంగి మీట నొక్కేసింది. వదిన కెవ్వుమంది.

"పాఠం ఆగింది కదా మరి!" అంది, ఎవరో నిందించినట్టు. "పాఠం జరుగుతున్నప్పుడు కొలవాలని మీ కాగితంలోనే ఉంది. విమానం వస్తే పాఠం ఆగుతుంది. ఆగినప్పుడు ఎలా కొలుస్తాను సార్?"

మూడోసారి పెన్సిలు సారే మీటరు పట్టుకున్నాడు. తొంభై నాలుగు చూపించింది.

ఆయన ఆ అంకె రాసుకున్నాడు.  "పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నానమ్మా," అన్నాడు. "అంకెలు పెంచి రాసినవాళ్ళని చూశాను. మీటరు పక్కన పళ్ళెం పెట్టి గరిటెతో మోగించిన పెద్దమనుషుల్నీ చూశాను. గ్రాంటు అడుగుతూ, అడగడానికి ఉన్న ఒక్క కారణాన్నీ ఇంత జాగ్రత్తగా కొలతల్లోంచి తీసేసిన ఊరు ఇదే."

నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది. వదినని ఏమన్నాను నేను! పైగా ఆ నలభై ఒకటిని దరఖాస్తులో టైపు చేసింది నా ఈ చేతులే. కిందా మీదా రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా. విమానాల రొద పక్కన బడి అని మూడు పేజీలు రాసి, నాలుగో పేజీలో నలభై ఒకటి అని వేసి, రెండూ కలవడం లేదని నాకు తోచలేదు. మాకు బడి అంటే పాఠం వినపడే సమయం మాత్రమే. మిగతాది లెక్కలోకే రాలేదు.

"మళ్ళీ కొలిచేద్దాం సార్. ఈసారి మీటరు గోడకి కట్టేస్తాం," అన్నాను.

"పది బడి రోజులు కొలవాలి. దరఖాస్తుల గడువు శుక్రవారం. ఇవాళ మంగళవారం."

"ఒక్క పది రోజులు గడువు ఇప్పించలేరా?"

"నా చేతిలో లేదమ్మా." ఆయన లేచి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "కొలతలు పనికిరానప్పుడు ఇంకేదో దారి ఉన్నట్టు గుర్తు. నియమాల పుస్తకం చివర్లో ఎక్కడో ఉంది. మా ఆఫీసుకి ఫోను చేసి కనుక్కుంటాను. హెడ్‌మాస్టరు గారి గదిలో ఫోను ఉందన్నారుగా?"

ఆయన వెళ్ళాక గదిలో మేమిద్దరమే మిగిలాం. నేను వెళ్ళి ఆవిడ బల్ల పక్కన నిలబడ్డాను. మొహం చెల్లలేదు, అయినా చెప్పక తప్పదు.

"తప్పయిపోయింది వదినా. నోటికి ఎంతొస్తే అంత అనేశాను. నన్ను రెండు తిట్టు."

వదిన నా మొహంలోకే చూస్తోంది. "తిడతాలే, ఇంటికెళ్ళాక తీరిగ్గా." నవ్వబోయింది, రాలేదు. "నీ తప్పేముంది? ఆ అర్జీ చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు."

"అయితే ఎందుకు పెట్టావు మరి? ఈ బడి వదిలి ఒక్క రోజు ఉండలేవు నువ్వు. సెలవుల్లో కూడా వచ్చి చేపలకి రంగులేస్తావు."

ఆవిడ దిద్దిన పుస్తకాలన్నీ ఒక పక్కకి పేర్చింది, అంచులు సరిచేసింది, మళ్ళీ సరిచేసింది. నేను కదల్లేదు. నేను కదలనని ఆవిడకీ తెలుసు.

"అక్కడ చప్పుడు ఉండదట కదా," అంది.

"ఏ చప్పుడు?"

"ఏ చప్పుడూ ఉండదట. అక్కడైతే పిల్లలు వినపడతారేమోనని."

నాకు అర్థం కాలేదు. "ఇక్కడ వినపడరా?"

"వినపడరు అమ్మాయ్." అంత మామూలుగా అంది. "విమానం బాగానే వినపడుతుంది. మీ అన్నయ్య బాగానే వినపడతాడు, ఆయన గొంతు నీకు తెలుసుగా. పిల్లలే వినపడరు. ముందు వరసవాళ్ళని పెదాలు చూసి పోల్చుకుంటాను. వెనక వరసవాళ్ళు నోరు ఆడించడం కనిపిస్తుంది, అంతే."

నేను ఆవిడ ఎదురుగా పిల్లల బెంచీ మీద కూలబడ్డాను.

"పోయిన నెల వెనక బెంచీలో పాప ఒకతి బయటికి వెళ్తానని మూడుసార్లు అడిగిందట. నేను బోర్డు మీద రాస్తున్నాను. నాలుగోసారి అడగలేకపోయింది, గౌను తడుపుకుని కూర్చుంది. పిల్లలందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలియలేదు. వాళ్ళు నవ్వుతున్నారని నేనూ నవ్వాను." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ పాప నన్ను చూసిన చూపు మర్చిపోలేకపోతున్నాను. ఆ రాత్రే అర్జీ రాశాను."

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళాను. ఒక్కదాన్నే, పక్క ఊళ్ళో చెవుల డాక్టరు దగ్గరికి. రెండు చెవులూ సగానికి పైగా పోయాయన్నాడు. ఏళ్ళ తరబడి ఈ రొదలో ఉండటం వల్లేనని రాసిచ్చాడు కూడా." సంచి అడుగు నుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చూపించి, నేను చదివీ చదవకముందే లాక్కుని లోపల పెట్టేసింది. "శాఖ వాళ్ళకి తెలిసిందంటే నన్ను ఒక్క రోజు కూడా తరగతిలో ఉండనివ్వరు. స్టోర్ గదిలో పుస్తకాలు సర్దుకోమంటారు. ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది. అన్నాళ్ళు పిల్లలు లేకుండా ఆ గదిలో నేను బతకలేను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.  ఇరవై రెండేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి, మా ఇంట్లో తిరిగే మనిషి, మేమెవ్వరం గమనించలేదు. మాట్లాడితే మొహంలోకి చూస్తుంది, ఎంత ప్రేమగా వింటుందో అని మా అమ్మ మురిసిపోయేది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఎవ్వరికీ చెప్పకు. మీ అన్నయ్యకి కూడా. నాకు మాటివ్వు."

"చెప్పను వదినా."

"నీ నోరు నాకు తెలుసు. మళ్ళీ చెప్పు."

"చెప్పను. మాటిస్తున్నాను. నా గొంతు మీద కత్తి పెట్టినా చెప్పను."

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. మొహం కడుక్కున్నట్టు తేటగా అయింది. "సరే, బడి సంగతి చూడు ముందు. ఆ సారుని ఎలాగైనా ఒప్పించు. నూట పన్నెండు మంది పిల్లల్ని పొద్దున్నే బస్సులెక్కిస్తుంటే నేను చూడలేను," అంటూ లేచి, తర్వాతి పాఠం బోర్డు మీద రాయడానికి అటు తిరిగింది.

పెన్సిలు సారు అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. ఆయన మొహంలో ఉత్సాహం చూడటం అదే మొదటిసారి. గదిలో టీచరు పని చేసుకుంటోందని గొంతు తగ్గించి నాతోనే మాట్లాడాడు.

"దొరికిందమ్మా. నా జ్ఞాపకం తప్పు కాదు. కొలతలు పనికిరాకపోతే ఇంకొకటి సరిపోతుందట. పదేళ్ళకు మించి ఈ బడిలో పనిచేసి, ఈ రొద వల్ల చెవులు దెబ్బతిన్న మనిషి ఒక్కరు ఉండాలి. ఆ మనిషి పేరూ, ఉద్యోగం, డాక్టరు రాసిచ్చిన కాగితం దరఖాస్తుకి జతచేస్తే చాలు. ఒక్క నకలు మాత్రం విద్యాశాఖకి వెళ్తుంది, అది మామూలే. శుక్రవారం లోపల నా చేతికిస్తే గ్రాంటు వచ్చినట్టే అనుకోండి. అలాంటివాళ్ళు ఎవరైనా మీకు తెలుసా?"

నేను బోర్డు వైపు తిరిగి ఉన్న వదినని చూశాను. నా మాట ఇంకా గాలిలోనే ఉంది, ఇచ్చి నిండా అయిదు నిమిషాలు కాలేదు. ఆయన పెన్సిలు తీసి, పేరు రాసుకోవడానికి కాగితం మీద పెట్టి, నా వైపే చూస్తున్నాడు.

వదిన ఒక వరస రాయడం పూర్తిచేసి ఇటు తిరిగింది. ఆయన వచ్చిన సంగతి అప్పుడే చూసింది. ఆయన మొహంలో సంతోషం చూసి తన మొహమూ వెలిగింది. చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

"ఏమంటున్నారు అమ్మాయ్, సారు? మంచి మాటేనా?"